నైతిక విలువలకు ఒక గైడు: డెబ్బై రెండు పేజీల పుస్తకం, మూడు గంటల పరీక్ష

గత సంక్రాంతి సెలవులకు ఇంటికి వచ్చిన మా మనవరాలు బట్టల సంచిలోంచి పిన్ను కొట్టిన ఒక పలుచని పుస్తకాన్ని తీసి నా చేతిలో పెట్టి, "తాతయ్యా, సెలవులు అయిపోగానే దీని మీద పరీక్ష ఉంది, ముఖ్యమైన ప్రశ్నలు ఏవో చూసి టిక్కు పెట్టవా" అని అడిగింది. అది ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం విద్యార్థుల కోసం అచ్చువేసిన 'నైతికత, మానవ విలువలు' అనే పరీక్ష తాలూకు గైడు. ముప్పై మూడేళ్ల పాటు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి కాబట్టి అలవాటుగా ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఆ పుస్తకాన్ని మొదటి నుంచి చివరి వరకు రెండుసార్లు చదివాను. ఆ తరువాత మా మనవరాలి కాలేజీలో ఆ పరీక్ష ఎలా జరిగిందో కూడా తెలుసుకున్నాను. ఏటా ఎందరో తల్లిదండ్రులు ఈ రకం గైడుకు డబ్బులు కట్టి పంపుతారు కనుక, అది ఎలాంటిదో, దేనికి పనికి వస్తుందో, దేనికి పనికి రాదో వివరంగా రాయడం అవసరమని తోచింది. ప్రచురణకర్త పేరు గానీ కాలేజీ పేరు గానీ నేను చెప్పను. ఏలూరు రోడ్డులోని పుస్తకాల దుకాణాల్లో ఇలాంటివే మరి రెండు గైడులు తిరగేసి చూశాను. వాటికీ దీనికీ అట్ట రంగులోనే తేడా కనిపించింది.

ఈ పరీక్ష సంగతి తెలియనివారి కోసం ముందుగా కొంచెం చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం చదివే పిల్లలు ప్రధాన పరీక్షలకు ముందు, జనవరి చివర గానీ ఫిబ్రవరి మొదట్లో గానీ, రెండు అర్హత పరీక్షలు రాస్తారు. ఒకటి నైతికత, మానవ విలువలు. రెండోది పర్యావరణ విద్య. ఉదయం 10 గంటల నుంచి మధ్యాహ్నం 1 గంట వరకు, విద్యార్థి చదివే కాలేజీలోనే, మూడు గంటల సేపు ఈ పరీక్ష జరుగుతుంది. ఇందులో వచ్చే మార్కులు మొత్తం మార్కులలో కలవవు. అయితే ఉత్తీర్ణత మాత్రం తప్పనిసరి. ఇది తప్పితే మిగిలిన సబ్జెక్టులన్నింటిలో ఎన్ని మార్కులు వచ్చినా ఉత్తీర్ణతా ధ్రువపత్రం చేతికి రాదు. మార్కులు కలవవు, తప్పకూడదు అన్న ఈ రెండు నియమాలు కలిసి ఏం చేశాయో తరువాత చెబుతాను. ఇప్పుడు పుస్తకం దగ్గరికి వస్తాను.

గైడు ధర 60 రూపాయలు. కాలేజీవారు పిల్లలందరి దగ్గరా వసూలు చేసి ఒకేసారి తెప్పించి పంచారట. డెబ్బై రెండు పేజీలు, సాధారణ న్యూస్‌ప్రింటు కాగితం, రెండు పిన్నులు. అక్షరాల పరిమాణం బాగుంది. నా వయసులో కూడా కళ్లద్దాలు సర్దుకోకుండా చదవగలిగాను. భాష తేలికగా ఉంది. తెలుగు మాధ్యమంలో పదో తరగతి పూర్తి చేసి వచ్చిన పిల్లలకు ఎక్కడా ఇబ్బంది కలగదు. ఈ రెండు సుగుణాలకూ ప్రచురణకర్తను మెచ్చుకోవాలి. అచ్చుతప్పులు మాత్రం పేజీకి రెండు మూడు చొప్పున ఉన్నాయి. 'బాధ్యత'ను 'భాద్యత' అనీ, 'విద్యార్థి'ని 'విధ్యార్ది' అనీ అచ్చువేశారు. వీటిని మించిన పొరపాటు మరొకటి ఉంది. 'సుమతీ' అన్న మకుటంతో ముగిసే ఒక పద్యాన్ని మొత్తంగా అచ్చువేసి, దాని కింద 'వేమన' అని రాశారు. పద్యం తన చివరి మాటతోనే తాను ఎవరిదో చెప్పుకుంటున్నా ఆ మాటను ఎవరూ చదవలేదు. కూర్చినవారూ చదవలేదు, అచ్చు సరిచూసినవారూ చదవలేదు, కొన్న కాలేజీలో ఏ అధ్యాపకుడూ చదివినట్టు లేదు. పని చేసేటప్పుడు మనసు పెట్టడం కూడా ఒక విలువే అని నమ్మేవాణ్ణి కాబట్టి ఈ తప్పు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

విషయం పన్నెండు పాఠాలుగా ఉంది. నైతికత అంటే ఏమిటి, విలువల రకాలు, కుటుంబం, స్నేహం, విద్యార్థి బాధ్యతలు, పరమత సహనం, స్త్రీల పట్ల గౌరవం, వృద్ధుల సంరక్షణ, సమాజ సేవ, దురలవాట్లు, ప్రసార మాధ్యమాలు, పౌర ధర్మాలు. ప్రతి పాఠానికీ నాలుగైదు వ్యాసరూప ప్రశ్నలు, పదేసి స్వల్ప సమాధాన ప్రశ్నలు, చివర కొన్ని ఖాళీలు. ప్రతి వ్యాసరూప ప్రశ్నకూ జవాబు ఆరు పాయింట్లలోనే ఉంటుంది. నిజాయితీ వలన లాభాలు ఆరు, స్నేహం వలన లాభాలు ఆరు, తల్లిదండ్రులను గౌరవించుట వలన లాభాలు ఆరు. తల్లిదండ్రులను గౌరవించడానికి గల నాలుగో కారణంగా "మనకు సమాజములో మంచి పేరు వచ్చును" అని ఉంది. నిజాయితీకి మొదటి లాభం "ఇతరులు మనలను నమ్మి అప్పు ఇచ్చుదురు". ఈ వాక్యాల దగ్గర నా ఎర్ర పెన్ను కదలలేదు. లాభం కోసం పాటించేది లాభం లేనప్పుడు వదిలిపెట్టవచ్చునన్న సంగతి పదహారేళ్ల పిల్లలకు చెప్పకుండానే అర్థమవుతుంది. వాళ్లు లెక్కల్లో మనకంటే చురుకైనవాళ్లు. నిజం చెబితే నష్టం వచ్చే చోట ఏం చేయాలన్నదే అసలు ప్రశ్న. డెబ్బై రెండు పేజీల్లో ఆ ప్రశ్న ఒక్కసారి కూడా రాలేదు.

వృద్ధుల సంరక్షణ పాఠం మాత్రం నాకు నచ్చింది. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమానికి 2007లో వచ్చిన చట్టం గురించి అందులో ఒక పేజీ ఉంది. అరవై ఏళ్లు దాటినవారు తమను పట్టించుకోని పిల్లల మీద ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేసుకోవచ్చని, ఆ విచారణలో న్యాయవాది అవసరం లేదని, ఆదరిస్తామన్న షరతు మీద రాయించుకున్న ఆస్తిని, మాట తప్పిన పిల్లల నుంచి 23వ సెక్షన్ కింద తిరిగి తీసుకోవచ్చని సరిగానే రాశారు. పుస్తకం మొత్తంలో ఒక విద్యార్థి ఇంటికి వెళ్లి అమ్మమ్మకో పక్కింటి పెద్దాయనకో చెప్పదగిన సమాచారం ఇదొక్కటే. నిర్దిష్టంగా ఉన్నది మనసులో నిలుస్తుందనడానికి సాక్ష్యం మా మనవరాలే. మిగతా పాఠాల్లో ఏముందో ఇప్పుడు అడిగితే తడుముకుంటుంది కానీ, ఈ చట్టం సంగతి మా వీధిలో ఒక పెద్దావిడకు తానే వెళ్లి చెప్పి వచ్చింది.

ఇక లేనివాటి గురించి. దురలవాట్ల పాఠంలో జూదానికి మూడు వాక్యాలు కేటాయించి, ధర్మరాజు కథను ప్రస్తావించి, పేకాట ఆడరాదని ముగించారు. మా వీధిలో ఇవాళ పదిహేడేళ్ల కుర్రవాడికి పేకాట అంటే పండక్కి పెద్దవాళ్లు ఆడే ఆట. అతని జూదం అతని అరచేతిలో ఉంది. క్రికెట్ మ్యాచ్ నడుస్తుండగా బంతి బంతికీ పందెం కాసే యాప్‌లు, ఓడిన డబ్బును పూడ్చుకోవడానికి అప్పు ఇచ్చే యాప్‌లు, అప్పు తీర్చకపోతే ఫోనులో ఉన్న బంధువులందరికీ సందేశాలు పంపి పరువు తీసే మనుషులు, ఇదంతా ఒకే వరుసలో జరుగుతుంది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం కూడా డబ్బు పందెంగా ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసింది. ఇన్ని చట్టాలు రావలసి వచ్చిందంటే రోగం ఎంత దూరం పాకిందో తెలుస్తూనే ఉంది. గైడుకు మాత్రం ఇవేవీ తెలియవు. కొత్త ముద్రణ అని అట్ట మీద ఉన్నా, లోపలి ప్రపంచం నేను ఉద్యోగంలో చేరిన నాటిది.

స్త్రీల పట్ల గౌరవం అన్న పాఠమూ అంతే. ప్రాచీన కాలంలో స్త్రీకి ఉన్న స్థానం గురించి ఒక పేజీ ఉంది. తోటి విద్యార్థిని ఫోటోను ఆమెకు తెలియకుండా తీసి గ్రూపుల్లో పంపడం తప్పని, దాన్ని చూసి నవ్వి పక్కవాడికి పంపడం కూడా అదే తప్పులో పాలు పంచుకోవడమని ఎక్కడా లేదు. ర్యాగింగ్ గురించి "ర్యాగింగ్ చేయరాదు" అన్న ఒకే వాక్యం ఉంది. దాన్ని నేరంగా ప్రకటిస్తూ మన రాష్ట్రంలో 1997లోనే చట్టం వచ్చిందని, బాధితులు ఫిర్యాదు చేయడానికి 1800-180-5522 అన్న జాతీయ సహాయ నంబరు ఉందని రెండు వరుసలు చేరిస్తే ఆ పేజీకి విలువ వచ్చేది. హాస్టల్లో ఏడుస్తున్న పిల్లవాడికి ర్యాగింగ్ నిర్వచనం కన్నా ఆ నంబరు ఎక్కువ అవసరం.

ఇప్పుడు పరీక్ష సంగతి. ఇది చెప్పడానికి నాకు బాధగా ఉంది, కానీ చెప్పకపోతే గైడు గురించి రాసినదంతా సగమే అవుతుంది. సెలవులు అయిపోయి మనవరాలు హాస్టలుకు తిరిగి వెళ్లింది. నేను టిక్కు పెట్టిన ప్రశ్నలు కాక, తనంతట తాను కూడా కొన్ని చదివి వెళ్లింది. ఆ కాలేజీలో ఏడాది పొడవునా ఈ విషయానికి ఒక్క పీరియడూ కేటాయించలేదట. ఉదయం నుంచి రాత్రి స్టడీ అవర్ వరకు కాలమంతా జేఈఈకీ ఈఏపీసెట్‌కూ పోతుంది. మొత్తంలో కలవని మార్కుల కోసం గంట ఖర్చు పెట్టడం వాళ్ల లెక్కలో వృథా. పరీక్ష రోజున ఇన్విజిలేటరుగా వచ్చిన అధ్యాపకుడు ప్రశ్నపత్రాలు పంచిన కాసేపటికే సుద్దముక్క తీసుకుని, గైడు చూస్తూ, జవాబులన్నీ బోర్డు మీద రాయడం మొదలుపెట్టారు. గంటన్నరలో అందరూ రాసి ఇచ్చేసి తరగతులకు వెళ్లిపోవాలని, మధ్యాహ్నం ఫిజిక్స్ స్లిప్ టెస్టు ఉందని చెప్పారట. జవాబు పత్రాలను ఆ కాలేజీ అధ్యాపకులే దిద్దారు. అందరూ ఉత్తీర్ణులయ్యారు. ఆ రోజు బోర్డు మీద మొదట రాసిన జవాబు "నిజాయితీ అనగానేమి?" అన్న ప్రశ్నకు.

మళ్లీ ఔటింగుకు ఇంటికి వచ్చినప్పుడు ఆ పిల్ల ఈ సంగతంతా చెప్పి, "అందరం బోర్డు చూసే రాశాం తాతయ్యా. సారే రాయించారు కదా, అది కాపీ అవుతుందా?" అని అడిగింది. ఆ ప్రశ్నలో తప్పించుకునే ధోరణి ఏమీ లేదు; నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. స్నేహం గురించిన ప్రశ్న ఒక్కదానికి మాత్రం బోర్డు చూడకుండా, తొమ్మిదో తరగతిలో తనకు జ్వరం వచ్చినప్పుడు నోట్సులన్నీ రాసిపెట్టిన స్నేహితురాలి గురించి సొంతంగా రాసిందట. టైము వేస్టు చేస్తున్నావని అధ్యాపకుడు కోప్పడ్డారట. ఆమె చెప్పినదానిలో నన్ను కలతపెట్టింది ఆ కోపమే. మూడు గంటల నైతిక పరీక్షలో ఒక విద్యార్థి నిజాయితీగా పని చేసిన పది నిమిషాలకు ఆమెకు దొరికిన ప్రతిఫలం మందలింపు.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. దానికి కారణం కూడా ఇక్కడ రాయాలి. చాలా ఏళ్ల కిందట పదో తరగతి పరీక్షలలో నేను ఒక కేంద్రంలో ఇన్విజిలేటరుగా ఉన్నాను. స్క్వాడు వస్తున్నదని కబురు వచ్చినప్పుడు చిట్టీలన్నీ ఒక సంచిలోకి ఏరించి, స్క్వాడు వెళ్లిపోయాక మళ్లీ పంచుతుంటే చూసి కూడా నేను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను. ఉత్తీర్ణతా శాతం తగ్గితే ప్రధానోపాధ్యాయుడికి సంజాయిషీ నోటీసు వస్తుందని, పిల్లల భవిష్యత్తు పాడవుతుందని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. పరీక్షల్లో అక్రమాలను అరికట్టడానికి మన రాష్ట్రం 1997లోనే ప్రత్యేక చట్టం చేసిన సంగతి ఆనాటికే నాకు తెలుసు. ఆ గదిలో ఇరవై ఇద్దరు పిల్లలు ఉన్నారు. వాళ్లలో ఒక అమ్మాయి తనకు ఇచ్చిన చిట్టీని తీసుకోకుండా తల వంచుకుని రాసుకుంటూ ఉండిపోయింది. ఆ అమ్మాయి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. తరువాత ఎప్పుడైనా "ఈ కాలం పిల్లలకు విలువలు లేవు" అని ఉపాధ్యాయుల గదిలో ఎవరైనా అన్నప్పుడు నేను ఔనని గానీ కాదని గానీ అనలేకపోయేవాణ్ణి. ఈ సంగతి మనవరాలికి ఆ రోజు మొదటిసారి చెప్పాను. "అది కాపీయే అమ్మా. నువ్వు చేసినదానికంటే నేనూ మీ సారూ చేసినది పెద్ద తప్పు" అన్నాను.

యువతలో నైతిక విలువలు దిగజారుతున్నాయన్న మాట మన సభల్లో, పెళ్లిళ్లలో, రైలు ప్రయాణాల్లో నిత్యం వినబడుతుంది. అందులో నిజం లేదని నేను అనను. బస్సులో గర్భిణి నిలబడి ఉంటే ఫోనులోంచి తల ఎత్తని కుర్రవాణ్ణి నేనూ చూశాను. తండ్రి ఆస్తి పంపకం కాగానే ఫోను ఎత్తడం మానేసిన కొడుకును మా వీధిలోనే చూశాను. కానీ గత పదేళ్లలో లక్షలమంది పిల్లల నమ్మకాన్ని దెబ్బతీసిన సంఘటనలను తలచుకుంటే వాటి మొదట్లో కనిపించేవారు పిల్లలు కారు. 2016 జులై 9న తెలంగాణలో వైద్య విద్యలో ప్రవేశానికి జరిగిన ఎంసెట్-2 ప్రశ్నపత్రం ముందే బయటికి వచ్చిందని తేలి పరీక్ష రద్దయి, యాభై వేలకు పైగా విద్యార్థులు సెప్టెంబరు 11న మళ్లీ రాయవలసి వచ్చింది. పత్రాన్ని అమ్మినవారు దళారులు, లక్షలు పోసి కొన్నవారు తల్లిదండ్రులు. 2022 అక్టోబరు 16న రెండున్నర లక్షల మందికి పైగా రాసిన తెలంగాణ గ్రూప్-1 ప్రాథమిక పరీక్ష మరుసటి మార్చిలో రద్దయింది. అరెస్టయినవారిలో పరీక్ష నిర్వహించిన సంస్థలోని ఉద్యోగులే ఉన్నారు. 2024 మే 5న జరిగిన నీట్ ప్రశ్నపత్రం వ్యవహారం దేశమంతటినీ కుదిపి సీబీఐ దాకా వెళ్లింది. ఆ ఏడాది జూన్‌లో అమలులోకి వచ్చిన కేంద్ర చట్టం అలాంటి అక్రమాలకు కఠిన శిక్షలు విధించింది. ఈ మూడు సందర్భాల్లోనూ పగలూ రాత్రీ చదివి, తన తప్పు ఏమీ లేకుండా మళ్లీ పరీక్ష రాసినవాడో, రాయవలసి వస్తుందేమోనని వారాల తరబడి భయపడినవాడో పద్దెనిమిది, ఇరవై, పాతికేళ్లవాడు.

దీనికి మరో వైపు కూడా నేను కళ్లారా చూశాను. 2024 సెప్టెంబరు 1 ఆదివారం బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట ప్రాంతాలు మునిగిపోయాయి. అదే సమయంలో కృష్ణలో ప్రకాశం బ్యారేజీ వద్ద వరద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. సింగ్ నగర్‌లో రెండో అంతస్తులో ఉండే మా చెల్లెలి కుటుంబం మూడు రోజులు నీళ్ల మధ్య ఉండిపోయింది. ఒక ప్రైవేటు పడవవాడు ముసలివాళ్లను ఒడ్డుకు చేర్చడానికి మనిషికి వేలల్లో అడిగాడని చెల్లెలు చెప్పింది, అతను నడివయసువాడట. రెండో రోజు నడుము లోతు నీళ్లలో థర్మకోల్ షీటు మీద పాల ప్యాకెట్లు, బిస్కెట్లు పెట్టుకుని తోసుకుంటూ వచ్చి, డబ్బులు ఇవ్వబోతే తీసుకోకుండా, మందులు ఏమైనా కావాలంటే చీటీ రాసి కిందికి వేయమని అడిగినవాళ్లు ముగ్గురు ఇంజినీరింగ్ విద్యార్థులు. సాయంత్రానికి బీపీ మాత్రలు తెచ్చి ఇచ్చారు. వాళ్ల పేర్లు కూడా మా చెల్లెలికి తెలియవు. ఇలాంటి పిల్లలు ఒక్కరిద్దరు కారు. ఆ వారం రోజులూ ఊరంతా వాళ్లే కనిపించారు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ గైడులో, ఈ పరీక్షలో లోపం ఎక్కడుందో నాకు స్పష్టమవుతుంది. పాఠాలు కొంత చప్పగా ఉన్నాయి, నిజమే, వాటిని బాగుచేయవచ్చు. కానీ ఎంత గొప్ప పాఠమైనా, దాన్ని చెప్పే మనిషి ఆ గదిలో ఏం చేస్తున్నాడో పిల్లలు దాన్నే నేర్చుకుంటారు. బోర్డు మీద జవాబులు రాసిన ఆ గంటన్నరలో డెబ్బై రెండు పేజీల కంటే బలమైన పాఠం ఒకటి జరిగింది. విలువలు అంటే పెద్దలు కోరినప్పుడు కాగితం మీద రాయవలసిన మాటలని, అందరూ కలిసి చేస్తే తప్పు తప్పు కాదని, లెక్కలోకి రాని పనిని ఎలా చేసినా ఫరవాలేదని అరవై మంది పిల్లలు ఒకేసారి నేర్చుకున్నారు. ఈ పాఠాన్ని మరిపించాలంటే ఎన్నేళ్లు పడుతుందో చెప్పలేను.

విలువలను బడిలో నేర్పాలన్న ఆలోచన మనకు కొత్తది కాదు. 1959లోనే శ్రీప్రకాశ అధ్యక్షతన కేంద్రం ఒక సంఘాన్ని వేసింది, 1999లో ఎస్.బి. చవాన్ నాయకత్వంలోని పార్లమెంటరీ సంఘం సత్యం, ధర్మప్రవర్తన, శాంతి, ప్రేమ, అహింస అన్న ఐదింటిని విద్యకు పునాదిగా చెప్పింది. మన రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో చాగంటి కోటేశ్వరరావు గారిని విద్యార్థుల నైతిక విలువల సలహాదారుగా నియమించింది. ఇవన్నీ మంచి ఉద్దేశంతో జరిగినవే. ఆచరణలో నాకు ఎక్కువ ఆశ కలిగించిన ప్రయత్నం మాత్రం హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో 2005 ప్రాంతంలో మొదలైన మానవ విలువల తరగతి. అక్కడ ఇది చేయి, అది చేయకు అన్న జాబితా ఉండదు. ఇరవై, ఇరవై ఐదు మంది విద్యార్థులు, ఒక అధ్యాపకుడు గుండ్రంగా కూర్చుని, నాకు నిజంగా కావలసింది ఏమిటి, నా ఇంటివారితో నా బంధం ఎలా ఉంది అన్న ప్రశ్నలను తమ జీవితాల నుంచే మాట్లాడుకుంటారు. ఆ పద్ధతి క్రమంగా దేశంలోని మిగతా ఇంజినీరింగ్ కాలేజీలకూ చేరింది. అన్ని చోట్లా అదే శ్రద్ధతో నడుస్తోందని నేను అనను. కానీ ప్రశ్నతో మొదలుపెట్టడంలో ఒక మర్యాద ఉంది, విద్యార్థిని ఆలోచించగల మనిషిగా చూడడం ఉంది.

కాబట్టి ఈ గైడు కొనాలా అని అడిగేవారికి నా జవాబు ఇది. ఉత్తీర్ణత కోసమే అయితే అవసరం లేదు. పత్రికలు చదివే, ఇంట్లో పెద్దలతో మాట్లాడే ఏ విద్యార్థి అయినా సొంత మాటల్లో రాసి ఈ పరీక్షలో గట్టెక్కగలడు. కాలేజీవారు తప్పనిసరిగా కొనిపిస్తే వృద్ధుల చట్టం గురించిన పేజీ చదివించండి, మిగిలినవాటి మీద పిల్లలతో వాదించండి. ప్రచురణకర్తకు నా విన్నపం ఏమంటే, వచ్చే ముద్రణలో పద్యాలను ఒక తెలుగు ఉపాధ్యాయుడి చేత సరిచూపించండి, జూదం పాఠాన్ని మళ్లీ రాయించండి, ప్రతి పాఠం చివర జవాబు లేని ప్రశ్న ఒకటైనా ఉంచండి. ఇంటర్మీడియట్ బోర్డువారికి నా విన్నపం ఇంకొంచెం పెద్దది. ఈ పరీక్షను నిజంగా జరపలేకపోతే పూర్తిగా ఎత్తివేయండి. దాని బదులు విద్యార్థి ఏడాదిలో తాను చేసిన ఒక పని గురించి, అది ఆసుపత్రిలో చేసిన సేవ కావచ్చు, అమ్మమ్మ మందుల లెక్క చూసుకోవడం కావచ్చు, రెండు పేజీలు సొంత చేతితో రాసి ఇస్తే చాలునని చెప్పండి. ఆ రెండు పేజీలను ఎవరూ బోర్డు మీద రాసి ఇవ్వలేరు.

నేను ఇచ్చే మార్కులు చెప్పాలంటే, అచ్చుకు ఐదింటికి రెండు, భాషకు మూడున్నర, విషయానికి ఒకటిన్నర. పరీక్షకు మార్కులు వేయడానికి నాకు అర్హత లేదు, కారణం పైన చెప్పుకున్నాను.

పుస్తకం ఇప్పుడు మా ఇంట్లో లేదు. వచ్చే ఏడాది అదే కాలేజీలో చేరబోతున్న మా ఎదురింటి అబ్బాయికి మనవరాలు ఇచ్చేసింది. ఇచ్చేముందు మార్జిన్లలో పెన్సిలుతో ఏవో రాస్తుంటే పక్కన కూర్చుని చూశాను. సుమతీ పద్యం కింద వేమన పేరు కొట్టేసింది. ర్యాగింగ్ వాక్యం పక్కన ఆ సహాయ నంబరు రాసింది. జూదం పాఠం దగ్గర, హాస్టల్లో తన గదిలో ఉండే అమ్మాయి అన్నయ్య సంగతి పేర్లు లేకుండా నాలుగు వరుసల్లో రాసి, "నీకు ఇలాంటి స్నేహితుడు ఉంటే మొదట ఎవరికి చెబుతావు?" అని చివర అడిగింది. స్నేహం పాఠంలో ఆరు పాయింట్ల కింద ఉన్న ఖాళీలో ఏమీ రాయలేదు. అక్కడ ఎందుకు వదిలేశావని అడిగితే, "అది వాడు రాసుకోవాలి తాతయ్యా" అంది.